అక్రోట్ చొక్కా

హార్మన్ ఫోర్క్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు చరిత్ర ఉందంటే ఉంది, లేదంటే లేదు. నూట నాలుగేళ్ళలో మూడుసార్లు లీగ్ గెలిచారు. డెబ్బైల్లో వరసగా నలభై ఒక్క ఆటలు ఓడారు. ఊళ్ళో ముసలాళ్ళను కదిపితే ఆ మూడు గెలుపులనూ రెండు ముక్కల్లో తేల్చేసి, నలభై ఒక్క ఓటములనూ పూసగుచ్చినట్టు చెబుతారు. గెలుపు గురించి చెప్పడానికి ఏముంటుంది గనక.

వెర్లా స్టకీ ఆ జట్టు ఆట ఒక్కటి కూడా పూర్తిగా చూడలేదు. ఆమెకు అరవై మూడేళ్ళు. అందులో ముప్పై తొమ్మిదేళ్ళు మైదానం మెట్ల కింద ఉన్న సామాను గదిలోనే గడిచాయి. హెల్మెట్లు, భుజాలకు కట్టుకునే దిండ్లు, బూట్ల మేకులు, గుట్టలుగా తువ్వాళ్ళు, లారీ ఇంజన్లలా ఊగే రెండు ఉతుకుడు యంత్రాలు, అదీ ఆమె లోకం. ఆట జరుగుతుంటే నెత్తిమీద జనం కాళ్ళు తొక్కుతున్న చప్పుడు వినిపిస్తుంది, అంతే.

"గెలిచామంటారా, మిస్ వెర్లా?" అని ఎవడైనా తల లోపలికి పెట్టి అడిగితే, "సోమవారం ఉతికాక చెబుతా ఫో," అనేది.

అది వేళాకోళం కాదు. బట్టలే ఆమెకు వార్తాపత్రిక. ప్రతి ఆటగాడికీ తన అంకె కుట్టిన నాడా ఒకటి ఉంటుంది. రోజూ సాధన అయ్యాక చొక్కా, మేజోళ్ళు, లోపలి బట్టలు ఆ నాడాకు గుచ్చి, కొక్కెం బిగించి బుట్టలో పడేస్తారు. అదంతా కట్టలాగే యంత్రంలోకి వెళ్తుంది, కట్టలాగే తిరిగొస్తుంది. ఎవడు నిజంగా కిందపడ్డాడో, ఎవడు పడ్డట్టు నటించాడో, ఎవడి మోచెయ్యి ఇంకా మానకుండా రసి కారుతోందో, అది డాక్టరుకు చెప్పకుండా ఎవడు దాస్తున్నాడో, అన్నీ ఆమెకు ముందు తెలిసేవి. రెండు రోజులు వరసగా ఒక నాడా బుట్టలోకి రాలేదంటే వాడు జట్టు మానేశాడన్నమాట. కోచ్‌కు ఆ సంగతి మూడో రోజు తెలిసేది. మేజోళ్ళను ఉండలా చుట్టి, ముడి కూడా విప్పకుండా పారేసేవాళ్ళు కొందరుంటారు. అలాంటివాణ్ణి ఎప్పటికో చేసుకోబోయే ఆడదాని మీద వెర్లాకు ముందే జాలి పుట్టేది.

ఆ జట్టు పేరు హల్లర్స్, అంటే అక్రోట్ కాయల తొక్క వలిచేవాళ్ళు. ఊరి చుట్టూ నల్ల అక్రోట్ చెట్లే. అక్టోబరులో పచ్చటి కాయలు దబ్బుదబ్బున రాలి కార్ల మీద సొట్టలు పెడతాయి. ఆ తొక్క రసం చేతికంటితే నెల దాటినా పోదు, ఏ సబ్బుకూ లొంగదు. పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే శనివారం ఒకటుంది. దానికి ముందు గురువారం, ఈతగాళ్ళ దగ్గర్నుంచి గోల్ఫ్ ఆడేవాళ్ళ దాకా ఆ ఏడు కొత్తగా చేరిన ఆటగాళ్ళంతా, ఆడా మగా, మైదానం పక్కన గడ్డిలో కూర్చుని వట్టి చేతులతో కాయలు వలవాలి. శనివారం ఆట మొదలయ్యే ముందు ఎవరో ఒక ముసలాయన "చేతులు!" అని అరుస్తాడు. వలిచిన వాళ్ళవి గోధుమరంగు చేతులు, ఎప్పుడో వలిచి మరిచిపోయిన వాళ్ళవి తెల్ల చేతులు, అన్నీ ఒక్కసారి గాల్లోకి లేస్తాయి. నవంబరు ఆఖర్న టర్కీ కోసుకునే పండగ నాటికే చేతులు తెల్లబడ్డ కుర్రాణ్ణి "ఏంట్రా, స్పూనుతో వలిచావా?" అని ఏడిపించడం ఆ ఊరి ఆనవాయితీ.

ఆ తొక్కలతోనే వెర్లా ఏటా ఒక చొక్కాకు రంగు వేసేది.

కథేమిటంటే, మొదటి ఏడాది జట్టుకు చొక్కాలు చికాగో నుంచి రైల్లో వచ్చాయి. పదకొండు రావలసింది, పది వచ్చాయి. అదే పొద్దున ఒకడు మెడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అంతవరకూ బంతి ముట్టుకోనివాడు పదకొండోవాడుగా దిగవలసి వచ్చింది, వాడికి చొక్కా లేదు. హాస్టల్లో బట్టలుతికే ఒటీలీ క్రెబ్స్ అనే ఆవిడ తన ఇనుప డేగిసాలో అక్రోట్ తొక్కలు మరిగించి ఒక తెల్ల చొక్కాను అందులో ముంచి ఇచ్చింది. రంగు మిగతా పదింటికీ కలవలేదు. ఆట గెలిచారు. గేటు దగ్గర కంచు పలక మీద కోచ్ పేరు ఉంది, ఒటీలీ పేరు లేదు. అయితే ఆ డేగిసా ఇంకా ఉంది. సామాను గది వెనక, కింద ఇటుకలు పెట్టి ఉంటుంది. వేరే గిన్నెలో కాస్తే రంగు చెక్కపొడిలా వెలిసిపోయి వస్తుంది. ఆ ఇనుములోనే వేస్తే నల్లటి కాఫీలా దిగుతుంది.

అప్పట్నుంచీ ఏటా ఆ శనివారం ఒక్కడికి ఆ చొక్కా దక్కుతుంది. అంకె ఉండదు, పేరు ఉండదు. బంతిని తన్ని ఆట మొదలెట్టే ఆ మొదటి తన్నుకు మాత్రం అది తొడుక్కుని పరుగెత్తుతాడు. అంకె లేని చొక్కాతో ఆడకూడదన్నది నియమం, అయినా ఆ పది సెకన్లూ రిఫరీలు ఆకాశంలో పక్షుల్ని చూస్తారు. తర్వాత మామూలు చొక్కా వేసుకోవాలి. అక్రోట్ చొక్కా మాత్రం జన్మంతా వాడిదే.

అది ఎవరికన్నది కోచ్ చెప్పడు. సామాను గదివాళ్ళు చెబుతారు. చెప్పడం కూడా కాదు, శనివారం పొద్దున లాకరు గదిలో వాడి కొక్కేనికి తగిలిస్తారు. ఎందుకు వాడికే అని ఎవరూ అడగరు, వీళ్ళు చెప్పరు. వెర్లాకు ముందు ఆ గది చూసిన ఆర్విల్ డెంట్ పదవి దిగుతూ ఆమె చెవిలో ఒకే ఒక్క మాట వేశాడు.

"మైదానం చూడకు, బుట్ట చూడు. వారమంతా అందరికంటే మాసిన చొక్కా ఎవడిదో చూడు. శనివారం మడత నలగని చొక్కా ఎవడిదో చూడు. రెండూ ఒకడివే అయితే, వాడే."

ఈ ఏడు ఆ రెండూ ఎజ్రా టాల్బట్‌వి. నాలుగో ఏడాది కుర్రాడు, ముప్పై ఎనిమిదో నాడా. మూడేళ్ళ పైబడి రోజూ తన్నులు తిని, ఒక్క శనివారమూ గీత దాటి లోపలికి అడుగుపెట్టలేదు. మేజోళ్ళు విప్పి, తిరగేసి, జతచేసి గుచ్చుతాడు. వెర్లాకు ఆగస్టులోనే తెలిసిపోయింది.

సరిగ్గా పాత విద్యార్థుల శనివారానికి రెండు వారాల ముందు క్రీడల డైరెక్టరు బ్రిడ్జెట్ హాల్వర్సన్ నుంచి పిలుపొచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, చురుకైనది, చెడ్డది కాదు. పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వచ్చి రెండేళ్ళయింది.

"కూర్చోండి, వెర్లా."

"నిలబడ్డమే అలవాటమ్మా."

"ఈసారి అక్రోట్ చొక్కా ఎవరికన్నది ఓటుకు పెడుతున్నాం. ఫోన్లోనే. పాత విద్యార్థులంతా వెయ్యొచ్చు. ఐడియా ర్యాండీ పోల్‌ది. అదిరింది కదూ?"

"ఓటా? అదేమన్నా గుమ్మడికాయల పోటీయా?"

బ్రిడ్జెట్ నవ్వింది. "చూడండి, కొత్త పిల్లల్ని ఇక్కడికి రప్పించడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. మనకున్న గొప్ప ఆనవాయితీ ఇదొక్కటే. అది కూడా ఎలా జరుగుతుందో ఎవరికీ తెలీదు! మీ పద్ధతేమిటో చెప్పండి పోనీ, కాగితం మీద పెడదాం. ఓటు మానేస్తాను."

"చెబితే పద్ధతి చచ్చిపోతుంది."

"ఎందుకు చచ్చిపోతుంది?"

వెర్లా తలుపు వైపు తిరిగింది. ఆ 'ఎందుకు'కు జవాబు ఆమె కడుపులో ఇరవై ఏడేళ్ళుగా ఉంది.

తొంభై ఎనిమిదిలో ఆర్విల్‌కు వయసు మీదపడి నోరు అదుపు తప్పింది. మెయిన్ వీధి హోటల్లో కూర్చుని, టెండర్‌లాయిన్ అనే పళ్ళెమంత పందిమాంసం బన్ను తింటూ, బుట్ట రహస్యం ఎవరికో వాగేశాడు. పక్క బల్ల దగ్గర ర్యాండీ పోల్ ఉన్నాడు. ర్యాండీ జట్టులో ఉన్నాడంటే ఉన్నాడు. సాధనలో ఒళ్ళు వంచడు, శనివారం గీత బయట కూర్చున్న బల్ల దిగడు. వారంలో మాయని చొక్కా, శనివారం నలగని చొక్కా. అలాంటివాడి నాడా ఆ సెప్టెంబరు నుంచి ఉన్నట్టుండి బురదకొట్టుకుని రావడం మొదలైంది. కుర్రాడు దారిన పడ్డాడు, పోన్లే అని వెర్లా మురిసిపోయింది. అప్పటిదాకా ఆమె మనసులో ఉన్నవాడు ఆల్విన్ ట్రామెల్. నాలుగేళ్ళూ ఎజ్రాలాగే నలిగినవాడు. ఇద్దరి చొక్కాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ర్యాండీదే ఎక్కువ మాసింది. పద్ధతి పద్ధతే. చొక్కా ర్యాండీ కొక్కేనికి తగిలించింది.

సోమవారం లాకర్లు తుడుస్తుంటే ర్యాండీ లాకరు అడుగున గురువారంనాటి సాధన చొక్కా దొరికింది, నాడాకు గుచ్చడం మరిచిపోయాడు. ఒక్క చొక్కాకు యంత్రమెందుకని సింకులో నానబెట్టింది. ఐదు నిమిషాల్లో నీళ్ళు ఎర్రబడ్డాయి, ఇటుకపొడి కలిపినట్టు. వెర్లా చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది. సాధన మైదానంలోది నల్లమట్టి, కాఫీ గసిలాంటిది. ఎర్రమట్టి ఆ ఊళ్ళో ఒక్కచోటే ఉంది, బేస్‌బాల్ మైదానంలో. ఎక్కడినుంచో లారీల్లో తెచ్చి పోసింది. బేస్‌బాల్ వసంతంలో గాని ఆడరు. శరదృతువులో అక్కడికెళ్ళి దొర్లితే తప్ప ఆ మట్టి అంటదు. సాధన చొక్కాలు ముదురు రంగువి, వాటి మీద ఏ మట్టైనా ఒకేలా ఉంటుంది; యంత్రంలో అన్ని కట్టలూ కలిసి తిరుగుతుంటే నీళ్ళ రంగు ఎవరికి కనబడుతుంది!

ఆమె ఎవరికీ చెప్పలేదు. శనివారం అయిపోయింది, చొక్కా వాడి ఒంటిమీద పడింది, ఇక చెప్పి ఏం లాభం అనుకుంది. అది సగం నిజం. క్రిస్మస్‌కు ఆల్విన్ చదువు మానేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికో కాదు, ఊరి చివర ధాన్యం కొట్లలో పనికి. అప్పట్నుంచీ కిరాణా కొట్లో ఆల్విన్ కనిపిస్తే వెర్లా బండిని పక్క వరసలోకి తిప్పేసేది. ర్యాండీ మాత్రం ఊళ్ళో సగం ఇళ్ళు కట్టి, పాత విద్యార్థుల సంఘానికి పెద్ద అయ్యాడు. అద్దాల చట్రంలో బిగించిన అక్రోట్ చొక్కా వాడి ఆఫీసు గోడ మీద ఉంది. ప్రతి ఏడూ విందులో లేచి, ఆ చొక్కా తనను మనిషిని ఎలా చేసిందో చెప్పేవాడు. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వెర్లా గిన్నెలో పుడ్డింగు కెలుక్కునేది.

ఓటుకు వ్యతిరేకంగా నోరెత్తాలంటే ఆమెకు మొహం చెల్లలేదు. ఓటు తప్పు, నేను రైటు అని ఏ మొహంతో అనగలదు? ఓటైతే వందలమంది కలిసి పొరబడతారు. తను ఒక్కతే పొరబడింది, అదీ ఒక మనిషి విషయంలో. మూడు రోజులు ఇదే తిప్పుకుంది. ఇలా తిప్పుకుంటూ కూర్చుంటే తేలదని నాలుగో రోజు కారు తీసి ధాన్యం కొట్ల వైపు పోయింది.

కోతల కాలం. మొక్కజొన్న లారీలు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. తూకం గదిలో కిటికీ పక్కన ఆల్విన్ కూర్చుని ఉన్నాడు. జుట్టు పల్చబడింది, ఒళ్ళు వచ్చింది, కనుబొమల మీద మొక్కజొన్న దుమ్ము.

"మిస్ వెర్లా! దారి తప్పారా? ఇక్కడ పెరుగూ పాలూ దొరకవు, పక్క వరసలోకి తిప్పుకోవడానికి."

వెర్లా చెవులు ఎర్రబడ్డాయి. "చూశావన్నమాట."

"ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నా. ఒకసారి నన్ను తప్పించుకోబోయి కుక్క బిస్కట్లు కొన్నారు. మీకు కుక్క లేదు."

ఆమె నవ్వలేదు. నిలబడే చెప్పేసింది. ఆర్విల్ చెప్పిన మాట, రెండు చొక్కాలు, సింకులో నీళ్ళు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఒక లారీ వచ్చి తూకం మీద నిలబడి హారన్ కొడుతూనే ఉంది.

"వస్తున్నా ఆగరా బాబూ, మొక్కజొన్న మొలకెత్తిపోదు!" అని కిటికీలోంచి అరిచి, ఆల్విన్ చీటీ చింపి ఇచ్చాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"వాడు దొర్లడం నేను చూశాను, మిస్ వెర్లా."

"ఏంటీ?"

"నా సైకిలు అటు పక్కనే పెట్టేవాణ్ణి. సాయంత్రం వెళ్తుంటే కనబడేవాడు. ఎండలో కోడి మట్టిలో పొర్లినట్టు పొర్లేవాడు. మొదట నవ్వొచ్చింది, ఎందుకో తెలీక. శనివారం వాడి కొక్కేనికి చొక్కా చూశాక తెలిసింది."

"మరి నాకు చెప్పొద్దా!"

"మీకు తెలుసనుకున్నా." ఆల్విన్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మట్టి చూసి ఎవడు ఏ మూల పడ్డాడో చెప్పే మనిషివి కదా నువ్వు. ఎర్రమట్టికీ నల్లమట్టికీ తేడా తెలీదా అనుకున్నా. తెలిసే వాడికిచ్చావనుకున్నా."

ఎప్పుడు మీరులోంచి నువ్వులోకి దిగాడో ఇద్దరూ గమనించలేదు.

"అందుకా వెళ్ళిపోయావు?"

"అందుక్కాదు. లెక్కల్లో తప్పాను. కానీ ఉండిపోయేవాణ్ణేమో." తూకం చీటీల కట్టను సర్దాడు. "కోచ్ నన్ను ఆడించలేదు, బాధ లేదు. వాడికి గెలవాలి కదా. జనానికి నా పేరు తెలీదు, తెలియాల్సిన పని లేదు. కానీ రోజూ నా బట్టలు చూసే మనిషి ఒకరున్నారు కదా, ఆవిడకు తెలుసు కదా, చాల్లే అనుకునేవాణ్ణి. అంతే."

వెర్లా ఓటు సంగతి చెప్పింది. "ఇప్పుడు ఎజ్రా అని ఒకడున్నాడు. కానీ ఎంచే హక్కు నాకేముందిరా?"

"ఓటు పెట్టి ఓడించుంటే నాకు నొప్పే ఉండేది కాదు," అన్నాడు ఆల్విన్. "ఓటు ఎవణ్ణీ చూడదు. అంతకంటే నాకేం తెలీదు. లారీలున్నాయి, మిస్ వెర్లా."

గురువారం కొత్త పిల్లలు కాయలు వలిచారు. "నా ఫోను నన్నే గుర్తుపట్టట్లేదు, వేలిముద్ర పోయింది!" అని ఒక ఈతగత్తె గోలపెట్టింది. "మా అమ్మ కూడా గుర్తుపట్టదులే," అన్నాడొకడు. వెర్లా తొక్కలను డేగిసాలో వేసి, విరిగిన బేస్‌బాల్ బ్యాటుతో కలియబెట్టి, తెల్ల చొక్కాను ముంచింది. శుక్రవారం అది తీగ మీద ఆరింది. అదే సాయంత్రం బ్రిడ్జెట్ దగ్గర్నుంచి కబురు: ఓట్లు పదకొండు వందలు దాటాయి, గెలిచింది జట్టును నడిపించే ట్రే లిండెన్, చొక్కా అతని కొక్కేనికి తగిలించండి, పొద్దున ఫోటో తీస్తారు.

శనివారం పొద్దున్నే వెర్లా లాకరు గదిలోకి వెళ్ళింది. ట్రే కొక్కెం తలుపు పక్కనే. ఎజ్రాది ఆ చివర, స్నానాల గది గోడకు ఆనుకుని. ఆమె బూట్ల చప్పుడు గది చివరిదాకా వెళ్ళింది.

ఆటగాళ్ళు వచ్చేసరికి ఆమె తువ్వాళ్ళు మడతపెడుతోంది. ముందు వినిపించింది ట్రే గొంతు, "హమ్మయ్య! ఆ చొక్కా కంపు నాకెందుకురా, పశువుల కొట్టం వాసన. ఒరే ఎజ్రా, పశువుల మధ్య పెరిగావ్, నీకు కొత్తేం కాదుగా!" అందరూ గొల్లున నవ్వారు. ట్రే మంచివాడే, వాడి మేజోళ్ళు కూడా ఆమెకు తెలుసు. ఎజ్రా చొక్కాను పట్టుకుని, తిరగేసి, కుట్లు చూసి, మళ్ళీ సరిగా తిప్పాడు. తలుపు దగ్గరున్న వెర్లా వైపు ఒక్కసారి చూశాడు. ఆమె తువ్వాళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకుంది.

పావుగంటలో బ్రిడ్జెట్ వచ్చింది, అగ్గిమీద గుగ్గిలంలా. వెనకాలే ర్యాండీ, గోధుమరంగు కోటు, చేతిలో కాఫీ.

"వెర్లా, ఏమిటిది? ఇంతమంది ఓట్లేశారు! నేను వాళ్ళకేం చెప్పాలి?"

"సామాను గది ముసలిది మొండిదని చెప్పండి."

"ఇది నవ్వులాట కాదు. ర్యాండీ, మీరైనా చెప్పండి."

ర్యాండీ విందులో మాట్లాడే గొంతు సవరించుకున్నాడు. "మిస్ వెర్లా, ఈ చొక్కా అంటే నాకు ఎంత ప్రాణమో మీకు తెలుసు. అది ఎవరో ఒక్కరి ఇష్టాన్ని బట్టి..."

"ర్యాండీ," అంది వెర్లా. గొంతు పెంచలేదు. "ఆ ఏడు నీ లాకరు అడుగున ఒక చొక్కా దొరికింది. సింకులో నానేస్తే నీళ్ళు ఎర్రగా వచ్చాయి."

కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. బ్రిడ్జెట్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"వదిలెయ్యండి, బ్రిడ్జెట్," అన్నాడు చివరికి. "చొక్కా సామాను గదిది. మొదట్నుంచీ అంతే."

బ్రిడ్జెట్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ కోపం మాత్రం తగ్గలేదు. "వసంతంలో మీ ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం," అని వెళ్ళిపోయింది. అది ఉత్త బెదిరింపు కాదని వెర్లాకు తెలుసు.

ర్యాండీ అక్కడే ఉన్నాడు. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఆ సోమవారం నుంచి."

"మరి ఇన్నేళ్ళూ... నేను ప్రతి విందులో మీ ఎదుటే... ఒక్కసారైనా అనలేదేం?"

"నీ తప్పు బయటపెడితే నాదీ బయటపడుతుంది కదరా. నాకూ సిగ్గే."

పైన జనం కాళ్ళు తొక్కడం మొదలుపెట్టారు, దుమ్ము రాలింది. ర్యాండీ కప్పును అలమర మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కప్పు కూడా వెర్లానే కడిగింది.

మొదటి తన్ను ఆమె చూడలేదు, ఎప్పటిలాగే. "చేతులు!" అన్న అరుపు వినబడింది. తర్వాత ఒక్కసారి హోరు, ఆపైన 'అయ్యో' అని దీర్ఘం. ఎజ్రా ముప్పై గజాలు పరుగెత్తి, అవతలివాడు ఒకడు అడ్డం వచ్చి గుద్దితే వెల్లకిలా పడ్డాడట. బంతి పట్టినవాణ్ణి ఇంకెవడో ఆపాడు. ఎజ్రా లేచి, నోట్లో గడ్డి ఉమ్మి, నవ్వుకుంటూ గీత బయటికి వచ్చాడట. ఆట ముప్పై ఒకటి, పదితో ఓడిపోయారు.

సోమవారం వాన. కోతలు ఆగిపోయాయి. వెర్లా సింకు ముందు నిలబడి ముప్పై ఎనిమిదో నాడా కొక్కెం విప్పుతుంటే తలుపు దగ్గర ఎవరో కాళ్ళు దులుపుకున్న చప్పుడైంది. ఆల్విన్. ఆ గదిలో అడుగుపెట్టి ఇరవై ఏడేళ్ళు.

"వాసన మారలేదు," అన్నాడు.

"మనుషులు మారారా ఏంటి, వాసన మారడానికి."

అలమర తలుపు తెరిచి ఉంది. దాని లోపలి వైపు పై నుంచి కిందికి పెన్సిలుతో పేర్లు, ఏడాదికొకటి, మూడు రకాల చేతిరాతల్లో. అన్నిటికంటే పైన ఉన్నది వంకర అక్షరాలు, ఒటీలీవి. ఆల్విన్ వేలు తొంభై ఎనిమిది దగ్గర ఆగింది. ర్యాండీ పోల్.

"చెరిపెయ్యలేదే? పెన్సిలే కదా."

"ఆ రోజు తొడుక్కున్నది వాడే. చెరిపితే నేను తప్పే చెయ్యనట్టుంటుంది."

ఆల్విన్ తలూపాడు. "నాకు ఇంకో చొక్కా గట్రా కాచి పెట్టకండి మళ్ళీ. ఇప్పుడు నాకు సరిపోవాలంటే దుప్పటి ముంచాలి."

ఈసారి ఆమె నవ్వింది. చాలాసేపు నవ్వింది, కళ్ళు తుడుచుకునేదాకా. ఆ తడి చేత్తోనే అక్రోట్ చొక్కాను నీళ్ళలో వదిలింది. ఇద్దరూ సింకు మీదికి వంగి చూశారు. వీపు మీది మట్టి మెల్లగా ఊడి నీళ్ళలోకి దిగింది. ముందు పొగలా, తర్వాత చిక్కగా. నలుపు. కాఫీ గసిలాంటి నలుపు. చొక్కా రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

పేరు రాయడం శనివారం పొద్దున్నే అయిపోవాలి, ఎప్పట్నుంచో అదే పద్ధతి. ఈసారి వెర్లా రాయలేదు. అలమర తలుపు మీద ఈ ఏటి అంకె పక్కన ఖాళీగా ఉంది. ఆమె చెవి వెనక ఉన్న పెన్సిలు తీసి ఆల్విన్ చేతికిచ్చింది.

"నేనా?"

"నా చేతులు తడిగా ఉన్నాయి, కనబడట్లేదూ?"

ఆల్విన్ కళ్ళజోడు పైకి తోసుకుని, తలుపుకు దగ్గరగా వంగి, చిన్నపిల్లాడిలా నాలుక కొన బయటపెట్టి, ఒక్కో అక్షరమే దిద్దుతూ రాశాడు: ఎజ్రా టాల్బట్.